ఏడో నెంబరు

గేటు కాడ నా సంచీ మిషన్ నోట్లోకెల్లి
కూఁ అని కూసింది.
గార్డు బాబు బోర్లించి సూస్తే
పొలుసు గీకే రేకు.
"ఇదేటమ్మా?"
"నా పెన్ను బాబూ."
నవ్వనేదు. రేకు తీసి డ్రాయర్లో పెట్టి
నలభై రెండని టోకెనిచ్చాడు.
మెడలో కార్డేశాడు.
కూడా వొచ్చిన గుంట సదివి సెప్పింది:
"సందర్శకురాలు అని రాసుందే పిన్నీ."

లాసన్స్ బే మిట్ట మీద అద్దాల మేడ.
పదకొండు దేశాలు కలిసి పెట్టుకున్న సముద్రం ఆఫీసంట.
పెదజాలారిపేట నుంచి పదారు మంది ఆడోల్లం,
మూడాటోలు, మంచి సీరలు,
ఒంటికి రెండుసార్లు సబ్బు.

నీలం కోటు పిల్ల, ప్రణవి,
మాకేసి తిరిగి ఎనక్కి నడుస్తా
మమ్మల్ని ముందుకు తీసుకెల్లింది.
పడిపోతాదేమో అంది నూకరత్నం.
పడదు.
తెడ్డేసే మడిసీ అంతే కదా,
ఎల్లే సోటుకి ఈపు పెట్టే కూకుంటాడు.

పదకొండు జెండాలు,
ఏసీ గదిలో కదలకుండా.
గాలి నేనప్పుడు మేం తెరసాప దింపేస్తాం.
ఈల్లు నిలబెట్టే ఉంచారు.

పెద్ద హాలు. కుర్సీ కుర్సీకీ సెవిగొట్టం.
ఎప్పుడో జరిగిన మీటింగొకటి ఇనిపించారు.
మీట తిప్పితే బాస మారతాది.
ఎవరో పెద్దాయన సేపల గురించే మాటాడతన్నాడంట,
మద్దిలో దగ్గాడు.
ఒకటి తిప్పాను, రెండు, మూడు, ఆరు దాకా తిప్పాను,
మాటలన్నీ మారాయి గాని
దగ్గు దగ్గే.

ఏడుకి తిప్పితే ఏటీ నేదు.
"ఏడేటమ్మా?"
"ఖాళీ అండీ. ఎప్పటికైనా అవసరమొస్తుందని."
మిగతావోల్లు లేచి ఎల్లిపోయినా
నాను కాసేపు దాన్నే ఇన్నాను.

తరవాత గోడ నిండా పటం.
నీలం మీద ఎర్రగీతలు, రూళ్లకర్ర పెట్టి గీసినట్టు.
మా తమ్ముడు కొర్లయ్య పద్నాలుగు నెల్లు
పరాయి జైల్లో గోడలు లెక్కెట్టింది
ఇందులో ఏదో గీత దాటినందుకే.
ఏ గీతో ఆడికీ తెలవదు.
"అక్కా, నీల్ల రంగు మారనేదు,
సేప రుసి మారనేదు,
మొకం మీద లైటు పడ్డాకే తెలిసింది
ఇంకో దేశం వొచ్చిందని" అన్నాడు.
అంతకంటే ఎప్పుడూ సెప్పనేదు.
ఇప్పుడు ఆడు బోటెక్కడు. ఆటోనగర్లో టైర్లు మారుస్తాడు.

"అమ్మా, ఈ గీత నీల్లల్లో ఎక్కడుంటాది?"
"నీళ్లలో ఉండదండీ, లెక్కల్లో ఉంటుంది."
మంచి పిల్లే. సెప్పాక తలొంచుకుంది.

నా ఏలు ఎప్పుడు ఎల్లిందో తెలవదు,
గీత మీదుంది.
"దయచేసి ముట్టుకోకండి."
తీసేశాను. అద్దం మీద
ఉప్పుసేప ఏలిముద్ర.
గుడ్డ పట్టుకుని కుర్రోడొచ్చాడు,
ముద్రొక్కటే తుడిసి ఎల్లిపోయాడు.

అయిదో అంతస్తులో, "ఇక్కడి నుంచి వ్యూ చాలా బాగుంటుంది" అంది.
నిజవే.
డాల్ఫిన్ నోస్ కాడ ఓడ, అగ్గిపెట్టంత.
వొడ్డున మా పేట. రేకులు, బోట్లు, వలలు, కుక్కలు.
ఆ పచ్చ టార్పాలిన్ నాదే!
తెల్లారగట్ట ఆరబోసొచ్చిన నెత్తల్లు.
దాని మీద కాకులు.
ఒకటా రెండా,
ఊరి కాకులన్నీ నా సొమ్ము మీదే.
మా మరిది పిల్లని కాపలా పెట్టాను,
ఎక్కడ సచ్చిందో.

కిటికీ తియ్యమన్నాను. తెరుసుకోదంట.
"హుష్!" అన్నాను.
గట్టిగానే అన్నాను, గార్డు కూడా తిరిగి సూశాడు.
ఏడో నెంబర్లో అన్నట్టుంది.
ప్రణవి నవ్వబోయి, కిందకి సూసి,
తనూ అద్దం మీద కొట్టింది, టకటకా.
ఆ పిల్ల ఏలిముద్రలూ పడ్డాయి.

టీ, రెండు బిస్కట్లు, ఒక ఫోటో.
కార్డిచ్చేసి రేకు తీసుకున్నాను.

పేటకెల్లేసరికి సగం నెత్తల్లు నేవు.
మంచం మీంచి మా అత్త అడిగింది,
"ఏటే, ఏటి సూపించారు?"
"మన కాకుల్ని" అన్నాను,
"పైనించి."