పునుగుల బిల్లు

టంగుటూరు షెడ్డులో పొగాకు గ్రేడింగు చేసిన చేతులివి.
నలిపి, వాసన పట్టి
ఇది పచ్చిక, ఇది మంచాకు, ఇది తుక్కు అని
కళ్లు మూసుకునే చెప్పేవి.
ఇంటర్వ్యూలో అనుభవమేంటని అడిగితే
ఆకు అన్నాను. నవ్వారు.
క్వెరీలు రాయడం సంగతి తర్వాత అడిగారు,
హాస్టలు మెట్ల మీద, సిగ్నలందే మూడో మెట్టున
రెండేళ్లు నేర్చుకున్నది.

ఇప్పుడు ఒంగోల్లో, ఏసీ పనిచేయని గదిలో
పదకొండు వేల వరసల ముందు కూర్చుని
డబ్బును గ్రేడింగు చేస్తున్నాను.

పొదిలి టైలరు దరియా వలిని
తొమ్మిది గంటలు వీడియో కాల్లో నిలబెట్టారు,
మెడలో టేపు తీయనివ్వకుండా.
ఆయన ఆరు లక్షల ఎనభై వేలు
పదకొండు నిమిషాల్లో ఏడు ఖాతాలు దాటాయి.
అందులో ఒకటి
కొత్తపట్నం రొయ్యల చెరువు కాపలా కుర్రాడిది.
కార్డూ సిమ్మూ మూడు వేలకి అద్దెకిచ్చాడు.
"నా ఖాతాలో అంత డబ్బు పడిందని
నాకే తెలీదక్కా" అన్నాడు.
అబద్ధం కాదు.
ఏరేటర్ల మోతలో ఫోను మోగినా వినపడదు.

దొంగడబ్బుకి ఒక నడకుంటుంది.
ఆగదు. అలుపు తీర్చుకోదు. చిల్లర ఉంచుకోదు.
యాభై వేలు, యాభై వేలు,
నలభై తొమ్మిది వేల తొమ్మిది వందలు...
రాత్రి రెండున్నరకి, కళ్లు మండుతుంటే,
ఎనిమిది వేల నాలుగొందల పదహారో వరసలో
నూట ముప్పై ఏడు రూపాయలు.
కందుకూరు బస్టాండు పక్కన పునుగుల బండి.

ఏడో ఖాతా వాడికి ఆకలేసింది.
పేరు మార్చాడు, ఊరు మార్చాడు,
ఎవరి పేరునో సిమ్ములు మార్చాడు,
కడుపు మాత్రం కట్టుకోలేకపోయాడు.

బండి సుబ్బరత్నం స్కానరు అట్టని
కొంగుతో తుడుస్తూ చెప్పింది:
"తెల్లచొక్కా. ఉల్లిపాయ ఎక్కువడుగుతాడు.
పచ్చిమిరపకాయ ముట్టడు.
రేపు కూడా వస్తాడు."

సోమవారం దరియా వలి వచ్చాడు.
"ఎంత దొరికిందమ్మా?"
బ్యాంకుల్లో ఆపగలిగింది నలభై ఒక్క వేలు.
నోటితో చెప్పలేక కాగితం తిప్పి చూపించాను,
చివర్లో నూట ముప్పై ఏడు కింద
నేను గీసిన ఎర్రగీత కూడా.

కళ్లద్దాలు పైకి తోసుకుని
చిరుగెక్కడ మొదలైందో వెతికినట్టు
చాలాసేపు చూశాడు.
"కొస దొరికింది గదా తల్లీ" అన్నాడు,
"మెల్లగా లాగు. తెగుద్ది."