అగడ్త అవతల

ఇల్లు లేదు.
ఇంటి చుట్టూ తవ్విన నీళ్ళు మాత్రం ఉన్నాయి,
నాలుగు పలకలుగా, మూలలు కాస్త అరిగి,
పచ్చటి నాచు మెడదాకా కప్పుకుని.

సఫోక్ బంకమట్టి మొండిది,
ఒకసారి పట్టుకున్న నీటిని వదలదు.
ఏడు వందల ఏళ్ళ కింద ఎవరో మోతుబరి
పగవాడంటూ ఎవరూ లేకుండానే
ఈ అగడ్త తవ్వించాడు,
పక్క ఊరి మోతుబరికి ఉందని.

హెస్టర్ గారడ్ దీన్ని "అవతల" అంటుంది, అంతే.
గొర్రెలు అవతలున్నాయి. అవతల మంచు దిగింది.
సర్కారు పటంలో అది రక్షిత స్థలం.
గునపం దిగకూడదు, నాగలి తిరగకూడదు,
కంచెకి గుంజ పాతాలన్నా కాగితం రావాలి.
ముసలి కుక్క టాన్సీ పోయిన రోజు
పార భుజాన వేసుకుని సగం దూరం వెళ్ళి
గుర్తొచ్చి, వెనక్కి తిరిగింది.

చట్టం చదవనిది చుంచెలుక ఒక్కటే.
రాత్రికి రాత్రి పదకొండు మట్టికుప్పలు!
ఒకదాని మీద ఆల్చిప్ప
(సముద్రం ఇక్కడికి ఇరవై మైళ్ళు),
ఒకదాని మీద మేకు, తుప్పు తప్ప ఇనుము లేనిది.

మార్చిలో ఒక పెంకు బయటికొచ్చింది.
ఏదో కూజా అడుగు.
అంచు పొడుగునా కుమ్మరి వేలితో నొక్కిన గుంటలు,
ఒక గుంటలో గోరుగీత కూడా.
హెస్టర్ బొటనవేలు పెట్టి చూసింది, దిగలేదు.
చూపుడువేలు దిగలేదు.
చిటికెనవేలు సరిపోయింది.

చాలాసేపు అలాగే నిలబడింది.
పిల్లాడో, పిల్లో.
ఆ పూట అన్నం తిన్నారో లేదో.

ఏప్రిల్లో తనిఖీకి ఇమోజెన్ ప్లాట్ వచ్చింది,
కొత్త బూట్లు, చేతిలో అట్ట.
"ఏమైనా మార్పులున్నాయా?"
"చుంచెలుకలు. వాటికి అనుమతి ఉందో లేదో
మీరే చూసుకోవాలి."
పిల్ల నవ్వి, మార్పు లేదు అని రాసుకుంది.
కోటు జేబులో హెస్టర్ చిటికెనవేలు
ఆ గుంటలోనే ఉంది.

సాయంత్రం పెంకుని తీసుకెళ్ళి
ఏ కుప్పలో దొరికిందో ఆ కుప్పలోనే
మోచేతి లోతున దించి, మట్టి సర్దింది.
తవ్వలేదు. చెయ్యి పెట్టింది, అంతే.
ఆ తేడా కాగితాల్లో ఉందో లేదో తెలీదు.

రాత్రి వాన కురిసి నీళ్ళు జానెడు పెరిగాయి.
కోటు జేబు మూల కాస్త బంకమట్టి ఎండిపోయి ఉంది.
ఇంకా దులపలేదామె.
అది కూడా రక్షిత స్థలమే అనుకుంటా.