ఒక్క కుర్చీ

ఢిల్లీబాబూ, ఆగు.
ఆ తోతాపురి క్రేటు ఇరవై అయిదు కిలోలు,
నీ వయసు పందొమ్మిది.
రెండూ తేలికే అనుకుంటావు.

నేనూ అట్లే అనుకున్నా.
ఓడ డెక్కు మీద, వానలో,
నీళ్ళు తాగిన మోకు చుట్టని
నడుము వంచి లేపి, ఎత్తింది ఎత్తినట్టే
పక్కకి తిరిగినా.
అంతే.
ఎండుకట్టె ఇరిగిన చప్పుడు
నా ఒక్కడికే ఇనపడింది.
సముద్రం ఊగతానే ఉంది,
నేను నిలిచిపోయినా.

ఇంకొకణ్ణి పిలిచుంటే
రెండు నిమిషాలు పట్టేది.
పిలవలా.
ఆ రెండు నిమిషాలకి
పదకొండేండ్లుగా వడ్డీ కడతా ఉండా,
చెప్పుల వారు వంగి పెట్టుకోలేక.

ఇట్ల రా.
కాళ్ళు ఎడంగా పెట్టు.
మోకాళ్ళు వంచు, నడుము కాదు.
బిడ్డనెత్తుకున్న మాదిరి
కడుపుకి ఆనించుకో.
తిరగాలంటే పాదాలు తిప్పు.
దామలచెరువులో నేల ఊగదు,
ఆ మేలొకటి నీకుంది.

నవ్వతా ఉండావు.
నవ్వులే.

తూకం చీటీలు రాసేదానికి
ఈ మండీలో ఒక్క కుర్చీనే ఉండేది.
దాంట్లో నేను కూచోనుండా.
నువ్వు రావద్దు.