నెమ్మదిగా

కగోషిమాలో పొద్దున్నే కారు అద్దం మీద బూడిద.
ఎదురుగా సముద్రంలో కొండ రాత్రంతా దగ్గింది.
వైపర్ వేస్తే గీతలు పడతాయని
ఫుమియే మగ్గుతో నీళ్ళు పోసి కడుగుతుంది,
తర్వాత కోతుల దగ్గరికి వెళుతుంది.

మందుకి ఇంకా పేరు లేదు, ఒక అంకె.
జబ్బు రాసుకున్న వాక్యానికి
ఎదురు అక్షరాలు పేర్చి, దానికే అతికించి
నోరు మూయించే సన్నటి పోగు.
"జిప్పుకి రెండో వైపు అనుకోండి,"
శిమోదోజోనో డాక్టరు కొత్తవాళ్ళకి చెప్పేది ఇదే.
ఆ జిప్పు ఎక్కడెక్కడ చర్మం పట్టుకుంటుందో
చూడటం మా పని.

మూడో మంగళవారం.
పధ్నాలుగో నంబరు ఆడది. చెవి కొసన చీలిక.
ద్రాక్షపండు తొక్క ఒలుచుకుని గానీ తినదు.
సిరంజితో, రెండు నిమిషాల్లో.
ఐదో నిమిషానికి చిగుళ్ళు పాలిపోయాయి.
రక్తపోటు గీత మెట్లు దిగలేదు,
మెట్టు ఉందనుకున్న చోట అడుగేసింది.
ఒంట్లో కావలివాళ్ళు, దొంగ ఎవరో తెలియక
ఇల్లు తగలబెట్టారు.
ఫుమియే గడియారం చూసి రాసింది: 10.47.
చేతిరాత వంకర పోలేదు.
అందుకే ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాతి వారం అదే మందు, అంతే మోతాదు,
రెండు గంటలపాటు, చుక్క చుక్కగా.
పదిహేనో నంబరు కుర్చీలో కూచుని
ఫుమియే గ్లవ్ వేలు పట్టి లాగుతూ, విసుక్కుంటూ
బతికే ఉంది.
గడ్డకట్టడానికి రక్తం కాస్త బద్ధకించింది,
సాయంత్రానికి సర్దుకుంది.
మూత్రపిండాల్లో నీలం రేణువులు మిగిలాయి.
అవి నెలాఖరున నేను గాజు పలక మీద చూశాను.
గాజు పలక దాకా రావాలంటే ముందు ఏం జరగాలో
ఇక్కడ రాయను.

రిపోర్టు నాలుగు వందల పేజీలు.
పధ్నాలుగుకి పట్టికలో ఒక గడి,
గడిలో చిన్న నక్షత్రం,
పేజీ అడుగున, చీమ తల అంత అక్షరాల్లో
నక్షత్రానికి అర్థం: నెమ్మదిగా ఇవ్వాలి.

ఎప్పుడో, ఏ ఊళ్ళోనో,
గొట్టం తగిలించుకున్న పిల్లవాడు
కాళ్ళు ఊపుతూ అడుగుతాడు, ఇంకా ఎంతసేపని.
నర్సుకీ కారణం తెలియకపోవచ్చు.

నవంబరులో భవనం వెనక రాతి ముందు నిలబడ్డాం.
ఏటా చేసేదే. అగరొత్తులు, ఒక పళ్ళెం పళ్ళు,
డైరెక్టరు చదివే ఒక కాగితం.
మధ్యలో బూడిద రాలితే గొడుగులు విప్పాం.
ఫుమియే ద్రాక్ష తెచ్చింది.
ఒకటి ఒలవబోయి, ఆగి,
తొక్కతోనే పెట్టింది.