ఎలుక వాసన

ఎవొరా ఆసుపత్రి నేలమాళిగలో
తెల్లారి ఆరున్నరకి
ఇంక్యుబేటర్ తలుపు తీశాను.
నెత్తుటి పళ్ళెం మీద రాత్రికి రాత్రి మొలిచినవి
బూడిదరంగు చుక్కలు,
తడిసిన నూకల్లా.

వాసన చూడకూడదు, నియమం.
మూత ఎత్తీ ఎత్తగానే అదే వచ్చి తగిలింది:
పాత గాదె మూల ఎలుకల వాసన.

చీటీ మీద
లుదొవీనా కరపిన్యా, డెబ్భై ఎనిమిదేళ్ళు.
కుడి మోకాలు. లోహపు కీలు.
వేసి మూడేళ్ళు.

లోహం మీద కాపురం పెట్టేవాళ్ళు నాకు పేరుపేరునా తెలుసు,
చాలామంది మన చర్మం మీది పాత కాపులే.
ఇది ఆ ఊరిది కాదు.
గొట్టంలో చుక్క వేస్తే
పైన ఎర్రటి వలయం కట్టింది.
పాశ్చురెల్లా.
పిల్లి పళ్ళ సందుల్లో, నాలుక గరుకులో బతికేది.
పదకొండేళ్ళ ఉద్యోగంలో
మోకాట్లో చూడడం ఇదే మొదలు.
పిల్లి నోటిది కదా,
ఎలుక కంపు ఎందుకో
ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఫోన్లో డాక్టర్ ఎవరిస్తు నవ్వాడు:
"బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతున్నావా?"
తన నున్నటి తల తనే నిమురుకుంటున్నాడని
ఇక్కణ్ణుంచే తెలిసింది.
"అడిగాను. కుక్క లేదు, పిల్లి లేదు,
కోడి కూడా లేదట."

మధ్యాహ్నం నేనే పైకి వెళ్ళాను.
నలభై ఏళ్ళు బడి వరండాలు
మోకాళ్ళ మీద పాకుతూ తుడిచిన మనిషి.
కొత్త కీలు వచ్చాక
చర్చిలోనూ మోకరిల్లడం మానేసిందట.
దుప్పటి కింద కాలు
కాలిన పెనంలా సెగ కక్కుతోంది.

"పిల్లి ఉందా?"
"లేదు" అంది,
పాలు తాగే పిల్లిలాగే కళ్ళు మూసుకుని.
కుర్చీలో మడతపెట్టిన నల్ల పావడా మీద
మూడు నారింజ వెంట్రుకలు.

కిటికీ అవతల, దూరంగా, కార్క్ చెట్లు.
బెరడు ఒలిచినంత మేరా ఎర్రగా ఉన్నాయి.
వాటినే చూస్తూ చాలాసేపటికి
"మేనల్లుడికి తెలిస్తే
గోనెసంచిలో కట్టి ఏట్లో పారేస్తాడు" అంది.
"మచ్చ దురదపెడితే అదే నాకేది.
మూడేళ్ళలో ఈ మోకాలిని
ఇంకెవరు ముట్టుకున్నారు?"

నాకు తెలిసి ఎవరూ లేరు.
నేను ముట్టుకున్నది కూడా
గొట్టంలోని మడ్డినీళ్ళే.

"పేరేంటి?"
"మర్మెలాదా."

రేపు కాలు తెరుస్తారు, కడుగుతారు,
లోహాల నడుమ ప్లాస్టిక్ బిళ్ళ మారుస్తారు,
ఆపైన వారాల తరబడి పెన్సిలిన్.
పక్క మీద పడుకోనీ,
మచ్చ మాత్రం నాకనివ్వకు, అన్నాను.
"ఆ మాట దానికి చెప్పు" అంది.

డాక్టర్‌కి నోటిమాటగా చెప్పేశాను.
కాగితం మీద జీవి పేరు రాసి
ఎక్కణ్ణుంచి సోకింది అన్న గడి దగ్గర
కలం ఆగింది.
కాగితాలు మేనల్లుడే వచ్చి తీసుకుంటాడు.

కోటు జేబులో చెయ్యి పెడితే
వేళ్ళకి చుట్టుకున్నాయి
మూడు వెంట్రుకలు.
ఎప్పుడు ఏరానో.