బుధవారం రాత్రి

మూడో విడత టీకా ఇవాళ.
ఎడమ తొడకొకటి, కుడి తొడకొకటి,
నోట్లో చుక్కలు.
సూది దిగినప్పుడు ఏడవలేదు నువ్వు.
తీశాక ఏడ్చావు,
నీదేదో లాక్కున్నట్టు.

నర్సమ్మ నాగవర్ధని అంది:
"రాత్రికి ఒళ్ళు కాగుద్ది, భయపడమాక.
రుద్దొద్దు. కాపడం పెట్టొద్దు.
మందు ఈ గీత దాకానే.
పాలు మానేసినా, మగతగా పడున్నా
నాకోసం చూడకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తు."
కార్డు మీద ఇంకా నీ పేరు లేదు.
బేబీ ఆఫ్ సువార్త.
ఆ లెక్కన నేనూ లేను.

మీ అమ్మ ఆ పెద్దాసుపత్రిలోనే ఉంది.
కాన్పుల వార్డు నేల తుడుస్తా,
ఎవరెవరి బిడ్డల తొలి ఏడుపో వింటా,
తెల్లారి ఆరింటి దాకా.
పిండి పెట్టిపోయిన పాలు
పక్కింటి మస్తానమ్మ ఫ్రిజ్‌లో ఉన్నాయి.

ఇక మిగిలింది నేను,
పొద్దుటి నుంచి యార్డులో తేజ మిర్చి టిక్కీలు మోసిన
ఈ రెండు చేతులు.
సబ్బుతో మూడుసార్లు కడిగాను.
మజ్జిగతో ఒకసారి.
నూనె రాసి శనగపిండితో తోమాను.
పోదు. సీజనైందాకా పోదు.
గోరుసందుల్లో కూర్చుంటది, వడ్డీలాగా.
పెళ్ళైన కొత్తలో
మీ అమ్మ కన్నీళ్ళు తుడవబోయి
ఇంకా ఏడిపించిన చేతులివి.

అందుకే
పాత చీర రెండు ముక్కలు చించి
చేతులకి చుట్టుకుని నిన్నెత్తుకున్నాను,
పొయ్యి మీద నుంచి గిన్నె దించేవాడిలా.

తొమ్మిదింటికి మొదలెట్టావు మూలగడం.
"ఒళ్ళు చూడబ్బాయ్" అంది మస్తానమ్మ గడప అవతల నుంచి.
దేంతో చూడను?
రోజూ మండే చేతికి
ఏ ఒళ్ళైనా ఒకటే.
వంగి, నీ నుదుటికి చెంప ఆనించాను.
తెలిసింది.
మిట్టమధ్యాహ్నం రేకు కాదు,
పొద్దుగూకాక మన ఇంటి రేకు.

గీత దాకా మందు పోశాను.
సగం నా చొక్కా మీదికి ఉమ్మావు.
మళ్ళీ పొయ్యాలా, వద్దా?
ఫోను చేస్తే మీ అమ్మ ఎత్తలేదు.
ఎవరికో నొప్పులొచ్చి ఉంటాయి.
సీసా మూత తీశాను, పెట్టాను, తీశాను.
గీత దాటొద్దంది కదా.
దాటలేదు.

తొడ మీద రేగ్గాయంత గట్టి.
తడిగుడ్డ వేశాను, ఆరితే మళ్ళీ తడిపాను.
ఉగ్గుగిన్నెతో పాలు పడితే
కళ్ళు మూసుకునే గుటక వేశావు.
ఒకటి. రెండు.
టిక్కీలు లెక్కెట్టినట్టు లెక్కెట్టాను,
పదకొండు.

మా నాన్న కూడా ఇట్టాగే కూర్చున్నాడంట
నాకు ముందు పుట్టినోడి దగ్గర.
వాడిది కోరింతదగ్గు.
కథ అంతవరకే చెప్పేవాడు.
తర్వాత బీడీ వెలిగించుకునేవాడు.

రెండింటికి కరెంటు పోయింది.
విసనకర్ర ఊపుతా
గంటకోసారి చెంప ఆనిస్తానే ఉన్నాను.
నల్లచెరువు మూడో లైన్లో
కుక్కలు కూడా పడుకున్నాయి.
ఎప్పుడో నువ్వు నా ముక్కు పట్టుకుని వదల్లేదు.
అట్టా వంగే ఉండిపోయాను, నడుం పట్టేసినా.

ఆరున్నరకి మీ అమ్మొచ్చింది
ఫినాయిల్ వాసనతో.
మామూలు చెయ్యి, చల్లటి చెయ్యి
నీ మెడ కింద పెట్టి చూసింది.
"తగ్గింది" అంది.
ఆ మాట నాకూ తెలుసు, అయినా
ఆమె నోటితో విన్నాకే కూలబడ్డాను.

దీపం దగ్గరికి జరిపి
నీ నుదుటి మీద ఎర్రెర్రగా
నా గడ్డం గుచ్చుకున్న చుక్కలు చూసి,
"ఇదేం టీకా?" అంది.