ఉప్పు తక్కువ

పందొమ్మిదేళ్లు ఆ కిటికీలోంచి
నా చేతులు మాత్రమే కెఫేలోకి వెళ్లేవి.
మోచేతుల దాకా.
మిగతా మనిషి వంటింట్లోనే ఉండేది.

హాలెట్ కెఫే మజ్జిగ బిస్కెట్ల కోసం
మేకన్ నుంచి కూడా కార్లు వచ్చేవి.
పిండిలో మజ్జిగ ఎంత పొయ్యాలో
నా బొటనవేలికి తెలుసు, కొలగిన్నెకి తెలీదు.
నేను తినేది వెనకమెట్ల మీద,
పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఈగల్ని తోలుకుంటూ.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
మా చెల్లెలి కొడుకు రోజెల్
ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి
ఎర్ర స్టూలు మీద కూర్చున్నాడు.
వాడితో ఇంకో ముగ్గురు. ముందు పుస్తకాలు.
కాఫీ అడిగాడు. అంతే. కాఫీ.

ఎవడో వాడి నెత్తిన కెచప్ సీసా బోర్లించాడు.
ఆ సీసా పొద్దున నేనే నింపాను.
మూత చుట్టూ ఎండిన మరక
తడిగుడ్డతో తుడిచి మరీ పెట్టాను.
వాడు కదల్లేదు.
పేజీ తిప్పాడు.

పెనం మీద గుడ్డు మాడుతోంది.
మాడనిచ్చాను.
ఏప్రన్ మేకుకి తగిలించి
వెనక తలుపులోంచే బయటికొచ్చాను,
ముందు తలుపు ఇంకా నాది కాదు.

జైల్లో ముప్ఫై ఇద్దరు పిల్లలు.
వీధివీధీ తిరిగి బూట్ల అట్టపెట్టెలు ఏరుకొచ్చాను.
వేయించిన కోడి, ఉడికిన గుడ్లు, చిలగడదుంప పై.
జైలరు ప్రతిసారీ మూత తీసి, వాసన చూసి
ఒక తొడముక్క నోట్లో వేసుకునేవాడు.
వాడిక్కూడా లెక్కేసి వండేదాన్ని.

నాలుగేళ్లకి చట్టం వచ్చింది.
ఆదివారం టోపీ పెట్టుకుని వెళ్లాను.
ముందు తలుపు గంట
నా తల మీద మోగడం అదే మొదలు.
స్టూలు గిర్రున తిరుగుతుందని ఎవరూ చెప్పలేదు,
పడబోయి కౌంటరు పట్టుకున్నాను.

బిస్కెట్లు తెచ్చిన తెల్లపిల్ల చేతులు వణుకుతున్నాయి.
కొరికాను.
రాయి. ఉప్పు తక్కువ.
మజ్జిగ మొహం చూడని పిండి.

తర్వాత చర్చిలో మావాళ్లు చివాట్లు పెట్టారు:
ఇన్ని దెబ్బలు తిని తెచ్చుకున్న పళ్లెం,
వెర్డెల్, నోరు మూసుకుని తినకూడదా?

నేను పళ్లెం ముందుకి జరిపాను.
"బాగాలేదమ్మా. వెనక్కి పట్టుకెళ్లు."

పట్టుకెళ్లింది.
కిటికీలోంచి రెండు నల్లటి చేతులు వచ్చి
పళ్లెం అందుకున్నాయి.
లేత చేతులు. గోళ్లలో పిండి.
మోచేతుల దాకా.

స్టూలు దిగాను.
మజ్జిగ ఎంతో ఆ పిల్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదా.
వంటింట్లోకి వెళ్లాను,
ఈసారి ముందువైపు నుంచి.